గీతల ట్యాంకు, గళ్ల అడవి

పోయిన నెల మా చెల్లెలి కొడుకు సెలవులకు వచ్చాడు. మెకానికల్ ఇంజినీరింగ్, మూడో సంవత్సరం. భోజనాలయ్యాక నేను ల్యాప్‌టాప్‌లో పాత కంప్యూటర్ల ఆటలను నడిపించే ఎమ్యులేటర్ తెరిచి, 1980ల నాటి ‘ఎన్‌కౌంటర్’ ఆడుతుంటే వెనక నిలబడి చూశాడు. చదునైన నేల, నేలంతా స్తంభాలు, వాటి సందుల్లోంచి దూసుకొచ్చే పళ్లెం లాంటి శత్రువు. అంతే ఆట. నా ప్రాణాలన్నీ అయిపోయేదాకా ఓపికపట్టి, అప్పుడు అడిగాడు: “దీన్ని సిమ్యులేషన్ అని ఎలా అంటారు మామయ్యా? దీనికి బరువే లేదు కదా!”

వాడి మాటలో తప్పు లేదు. వాడు ఆడే ఇప్పటి ట్యాంకు ఆటల్లో గొలుసు చక్రాలు బురదలో కూరుకుపోతాయి. బ్రేకు వేస్తే ట్యాంకు ముక్కు కిందికి వంగి లేస్తుంది. గుండు ఉక్కు కవచానికి ఏ కోణంలో తగిలిందన్న లెక్కను బట్టి అది లోపలికి దిగుతుందో, జారిపోతుందో తేలుతుంది. అవన్నీ నాకు ఇష్టంగా, విడమరిచి చూపించాడు. నేను మాత్రం వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. “అప్పటి యంత్రాల శక్తి అంతేరా” అన్నాను. పడుకున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అది ఆ ఆటల తరఫున నేను చెప్పిన క్షమాపణ. వాటికి నా క్షమాపణ అక్కర్లేదు.

ఆ రాత్రి చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. 1980ల మొదట్లో ఇంటి కంప్యూటర్ల మీద వచ్చిన వేగమైన వాహన యుద్ధపు ఆటలు వాహనాన్ని అనుకరించలేదు. అనుకరించబోయి ఓడిపోనూ లేదు. వాహనం నడిపేవాడికి ఒక్క క్షణంలో ఎదురయ్యే చిక్కును అవి పట్టుకున్నాయి. ఎటు తిప్పాలి, ఎప్పుడు కాల్చాలి, ఈ చాటు ఇంకెంతసేపు కాపాడుతుంది? ఆ చిక్కుకు అడ్డొచ్చే ప్రతిదాన్నీ తీసి పక్కన పెట్టాయి. బరువును కూడా.

తెనాలిలో ఒక అడవి

మా మేనమామ ఇంగ్లండులో డాక్టరు. 1986 వేసవిలో వచ్చినప్పుడు తన పిల్లలు వాడి వదిలేసిన సింక్లెయిర్ కంపెనీ ఇంటి కంప్యూటర్ స్పెక్ట్రమ్‌ను, రబ్బరు మీటలున్నదాన్ని, ఒక చెప్పుల పెట్టె నిండా ఆటల క్యాసెట్లతో సహా తెచ్చి నాకిచ్చాడు. మా ఇంట్లో ఉన్నది నలుపు తెలుపు టీవీ. స్పెక్ట్రమ్ తన బొమ్మను యూహెచ్‌ఎఫ్‌లో పంపుతుంది. మా టీవీ అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న వీహెచ్‌ఎఫ్ తప్ప అందుకోదు. వారం రోజులు ఆ నల్లటి పెట్టెను ఒళ్లో పెట్టుకుని మీటలు నొక్కుతూ కూర్చున్నాను, తెర మీద చుక్క కూడా రాలేదు.

చివరికి బోసు రోడ్డులో రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గరికి నాన్న తీసుకెళ్లారు. ఆయన జీవితంలో కంప్యూటర్ చూడటం అదే మొదటిసారి. మూత విప్పి, చాలాసేపు తాకకుండా చూసి, “బొమ్మ ఈ డబ్బాలోకి వెళ్లేముందు ఎక్కడో ఒక చోట బొమ్మగానే ఉండాలి కదా” అన్నారు. బొమ్మను టీవీ సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్ డబ్బాలోకి వెళ్లే తీగను పట్టుకుని, అక్కడి నుంచి ఒక తీగ లాగి, టీవీ లోపల వీడియో వచ్చే చోట అతికించారు. సీసం వాసన ఆరకముందే తెర అడుగున సింక్లెయిర్ వారి 1982 కాపీరైట్ వాక్యం వచ్చి నిలబడింది. ఆయన డబ్బులు తీసుకోలేదు, ఏదైనా ఆట చూపించమన్నారు.

టేపుతో నా తంటాలు వర్ణించను, ఆ రోజుల్లో స్పెక్ట్రమ్ వాడిన అందరివీ ఒకే రకం తంటాలు. టేపు రికార్డరు హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి చెవితో సరిచూసుకోవడం, నాలుగు నిమిషాలు లోడయ్యాక కరెంటు పోవడం. ఆ రోజు మాత్రం మొదటిసారికే లోడయింది. ఆట పేరు ‘డెత్‌చేజ్’. మెర్విన్ ఎస్ట్‌కోర్ట్ రాసింది, మైక్రోమెగా 1983లో విడుదల చేసింది.

అడవిలో మోటారు సైకిలు మీద వెళుతుంటాం. ముందు ఇద్దరు శత్రువులు చెరో బండి మీద పారిపోతుంటారు. వాళ్లను కాల్చాలి, చెట్లకు గుద్దుకోకూడదు. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, తర్వాత చెట్లు ఇంకా చిక్కబడిన అడవి. అప్పుడప్పుడు దూరంగా ఒక ట్యాంకో హెలికాప్టరో అడ్డంగా వెళుతుంది, దాన్ని కొడితే అదనపు పాయింట్లు. ఆ ఇద్దరిలో ఒకడి బండి నీలం, ఒకడిది పసుపు అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా టీవీలో ఒకడు తెల్లగా, ఒకడు నల్లగా కనబడేవారు. రాత్రి అడవిలో నల్లవాడు అసలు కనబడేవాడే కాదు. వాడు దాటినప్పుడు చెట్టు మీద కదిలే మరకను బట్టి వాడెక్కడున్నాడో ఊహించి కాల్చేవాణ్ని.

రేడియో బాగుచేసే ఆయన కుర్చీలో కాదు, బల్ల అంచు మీద కూర్చుని ఆడారు. మొదటి చెట్టుకే గుద్దుకున్నారు. రెండోసారి ఇంకాస్త దూరం వెళ్లారు. మూడోసారికి నాతో మాట్లాడటం మానేశారు. నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. ఆయనకు ఎవరూ ఏమీ వివరించలేదు. మీటలు ఏవో చెప్పాను, అంతే. తక్కినదంతా చెట్టే చెప్పింది.

ఏ వైపు నుంచి చూసినా ఒకటే

ఈ ఆటలు వేగంగా ఎలా పరుగెత్తాయన్నది నా వాదనకు ఆయువుపట్టు. ఇక్కడ కాస్త లెక్క తప్పదు.

స్పెక్ట్రమ్‌లోని జెడ్80 చిప్పు సెకనుకు 35 లక్షల క్లాక్ సైకిళ్లు (చిప్పు పనిలో ఒక్కో చిన్న అడుగు) నడుస్తుంది. టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మను గీస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు దక్కేది సుమారు 70 వేల సైకిళ్లు. తెరలోని చుక్కలన్నీ కలిపి 6,144 బైట్లు. ఒక బైటును ఒక చోటి నుంచి మరో చోటికి జరపడానికి చిప్పులో ఉన్న సిద్ధపు ఆదేశం బైటుకు 21 సైకిళ్లు తింటుంది. గుణించి చూస్తే లక్షా 29 వేలు. ఆలోచించడం, శత్రువును నడపడం, మీటలు చూడటం అన్నీ మానేసి కేవలం తెరను నింపుతూ కూర్చున్నా ఆ పద్ధతిలో ఒక బొమ్మ సమయం చాలదు.

అదే తెరకు రంగులు వేరేగా ఉంటాయి. 32 నిలువు వరసలు, 24 అడ్డు వరసలు, మొత్తం 768 గళ్లు, గడికి ఒక బైటు. వీటిని మార్చడానికి 16 వేల సైకిళ్లు చాలు. తెర రూపం మొత్తం మార్చేయవచ్చు, ఇంకా ముప్పాతిక సమయం చేతిలో మిగులుతుంది. డెత్‌చేజ్‌లో దగ్గరికొచ్చిన చెట్టును జాగ్రత్తగా చూడండి. బెరడు లేదు, కొమ్మల వివరం లేదు, గళ్లకు గళ్లు రంగు నింపిన దిమ్మె అది. దాన్ని చూసి ‘పాపం, ఇంతకంటే గీయలేకపోయారు’ అనుకోవడం సులువు. కానీ ఆ దిమ్మె వల్లే ఆ చెట్టు మన ముఖం మీదికి అంత వేగంగా రాగలిగింది. ఆకులున్న చెట్టు నింపాదిగా వచ్చి ఉంటే భయపడేవాళ్లం కాదు, ఆకులు చూసేవాళ్లం. పైగా ఈ ఆట 16 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌లోనే నడిచింది. అందులో 6,912 బైట్లు తెరకే పోగా, ఆట మొత్తానికి మిగిలేది తొమ్మిది వేల పైచిలుకు. నేనిప్పుడు రాస్తున్న ఈ టపా ఒక్కటే అంతకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. చెట్టు మాను గుండ్రంగా ఉంటుంది. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనబడుతుంది. పాల్ వోక్స్ తన నోవాజెన్ సంస్థ కోసం రాసిన ఎన్‌కౌంటర్‌లో స్తంభాలూ అంతే. దీని విలువ తెలియాలంటే అంతకుముందు వచ్చిన ‘బ్యాటిల్‌జోన్’ పక్కన పెట్టి చూడాలి. అటారీ కోసం ఎడ్ రాట్‌బర్గ్ చేసిన ఆ ట్యాంకు ఆట 1980లో ఆర్కేడ్లలోకి, అంటే నాణెం వేసి ఆడే ఆటశాలల్లోకి వచ్చింది. మైదానంలో ఘనాలు, పిరమిడ్లు ఉండేవి. ఘనం చుట్టూ తిరిగితే దాని మూలలు తిరగాలి, ప్రతి మూలకూ గుణకారాలు కావాలి. అటారీ ఆ పెట్టెలో 6502 చిప్పుతో పాటు గణితం కోసమే విడిగా ఒక సర్క్యూట్ పెట్టింది. గీతలను నేరుగా కాంతితో గీసే వెక్టర్ తెర పెట్టింది. ఇంటి కంప్యూటర్లకు ఈ రెండూ లేవు. 6502కు గానీ జెడ్80కి గానీ గుణకారం చేసే ఆదేశమే లేదు. రెండు అంకెలను గుణించాలంటే ఎనిమిది సార్లు జరుపుతూ కూడుకుంటూ పోవాలి. గీత గీయాలంటే చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి.

అందుకే బ్యాటిల్‌జోన్‌ను ఉన్నదున్నట్టు ఇంటి యంత్రాలకు దించినవాళ్లకు ఆ గీతల ట్యాంకు వచ్చింది గానీ వేగం పూర్తిగా రాలేదు. వోక్స్ అటు వెళ్లలేదు. తిరిగే వస్తువులను మైదానంలోంచి తీసేసి, తిరిగినా మారని వస్తువులను నాటాడు. స్తంభం ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో తెలిస్తే చాలు, దానికి తగ్గ సైజు బొమ్మ అక్కడ పెట్టేయవచ్చు. అది 1 మెగాహెర్ట్జ్ కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ మీద కూడా ఎంత నున్నగా పరుగెత్తుతుందంటే, నలభై ఏళ్ల తర్వాత కూడా నా మేనల్లుడు దాని వేగం మీద ఒక్క ఫిర్యాదు చేయలేదు. బరువు లేదన్నాడు గానీ నెమ్మది అనలేదు.

(ఆ పేరు గురించి ఒక మాట. ‘ఎన్‌కౌంటర్’ అన్న పదం ఇంగ్లండులో ‘ఎదురుపడటం’ అనే మామూలు మాట. తెలుగు దినపత్రికలు చదివి పెరిగినవాడికి అది మామూలు మాట కాదు. ఆ పేరు మీద నొక్కే ప్రతిసారీ నాకు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆటకు దానితో సంబంధం లేదని తెలుసు. అయినా ఆగుతుంది.)

సైన్యం అడిగిన ఆట

మేనల్లుడి ప్రశ్నకు అసలైన జవాబు నాకు బ్యాటిల్‌జోన్ చరిత్రలోనే దొరికింది. ఆ ఆట చూసి అమెరికా సైన్యం వైపు నుంచి అటారీకి కబురొచ్చింది. బ్రాడ్లీ అనే సాయుధ వాహనంలో తుపాకి పేల్చే సైనికులకు శిక్షణ ఇవ్వడానికి దాన్ని మార్చి ఇవ్వమన్నారు. రాట్‌బర్గ్‌కు ఆ పని ఇష్టం లేదు. తన ఆట అందుకు కాదన్నది ఆయన అభ్యంతరం. అయినా చివరికి ఆయనే చేయవలసి వచ్చింది. దాన్ని ‘బ్రాడ్లీ ట్రైనర్’ అంటారు.

ఈ కథను అందరూ ‘చూశారా, ఆట ఎంత నిజంగా ఉందో, సైన్యమే అడిగింది’ అన్న అర్థంలో చెబుతారు. నాకు దాన్నుంచి సరిగ్గా దీనికి తిరగబడిన అర్థం తోస్తుంది. సైన్యం కోసం మార్చినప్పుడు ఏం మారిందో చూడండి. హెలికాప్టర్లు వచ్చాయి, క్షిపణులు వచ్చాయి, రకరకాల ఆయుధాలు వచ్చాయి. రెండు జాయ్‌స్టిక్‌ల స్థానంలో నిజమైన బ్రాడ్లీలో ఉండే పిడి లాంటిది వచ్చింది. ఆ పిడినే అటారీ ఆ తర్వాత 1983 నాటి తన స్టార్ వార్స్ ఆర్కేడ్ ఆటకు వాడుకుంది. ఇంత చేర్చి, ఒకటి తీసేశారు. వాహనం కదలదు. కూర్చున్నచోటి నుంచి తుపాకిని తిప్పడమే. తుపాకి పేల్చేవాడు బండి నడపడు కాబట్టి నిజానికి అదే సరి.

నిజం పెరిగేకొద్దీ ఆట నిలబడిపోయింది. చేతిలో రెండు పిడులు పట్టుకుని, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు తోస్తూ, పిరమిడ్ చాటు నుంచి వెనక్కి జారుతూ శత్రువును ఓరగా తెచ్చుకోవడమనే ఆ నాట్యం మొత్తం పోయింది. సైన్యానికి కావలసింది లక్ష్యాన్ని గుర్తుపట్టే కన్ను. ఆటగాడికి కావలసింది తప్పించుకునే ఒళ్లు. ఒకే మైదానం, ఒకే గీతలు, ఒకే మనిషి చేసిన రెండు పనులు. మొదటిది సిమ్యులేషన్ కాదు అంటే నేను ఒప్పుకుంటాను. కానీ రెండోదాని కంటే అది తక్కువది అంటే ఒప్పుకోను.

ఆ మైదానం చివర కొండలుంటాయి. ఎంత నడిపినా దగ్గరికి రావు. అందులో ఒకటి అగ్నిపర్వతం. దాని నోట్లోంచి నిప్పులు ఎగిసేలా చేసింది అటారీలోనే మరో ప్రోగ్రామర్, ఓవెన్ రూబిన్. అక్కడిదాకా వెళితే లోపల కోట ఉందని ఆడేవాళ్లలో పుకార్లు పుట్టాయి. పది గీతలతో గీసిన కొండ చాటున ఏదో ఉందని జనం నమ్మారు. అన్నీ గీసి ఉంటే ఆ నమ్మకానికి చోటెక్కడిది?

పైలట్ ఎందుకు ఓడిపోయాడు

బ్యాటిల్‌జోన్ యంత్రభాగాలతోనే అటారీ ‘రెడ్ బారన్’ అనే విమానాల ఆట కూడా తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధపు రెండు రెక్కల విమానాలు, అవే గీతలు. 1982లో లాస్ వేగాస్‌లో ఒక సమావేశానికి వెళ్లిన ఇద్దరు సహోద్యోగులు దాని ముందు కూర్చున్నారు. ఒకరు బిల్ స్టీలీ, అమెరికా వైమానిక దళంలో పనిచేసిన పైలట్. రెండోవారు సిడ్ మైయర్, ప్రోగ్రామర్. పైలట్ ఓడిపోయాడు. ఎలా గెలిచావని అడిగితే, తెర మీది శత్రువులు ఏ వరసలో కదులుతున్నారో గమనించి గుర్తుపెట్టుకున్నానని, ఇంతకంటే మంచి ఆట తానే రాయగలనని మైయర్ చెప్పాడు. రాస్తే నేను అమ్ముతానన్నాడు స్టీలీ. మైక్రోప్రోస్ సంస్థ అలా పుట్టింది.

ఇది నా వాదనకు బలమా, దెబ్బా అని నేను చాలాసేపు ఆలోచించాను. దెబ్బే అనిపించింది మొదట. నిజమైన విమానం నడిపినవాడికి ఆ ఆటలో ఏ అనుకూలతా లేకపోతే, ఆ ఆట విమానం నడిపేవాడి క్షణాన్ని పట్టుకుందని నేనెలా అనగలను? అది పట్టుకున్నది యంత్రం బుర్రను చదివే నేర్పును మాత్రమే అని ఎవరైనా అంటే?

కానీ శత్రువు ఏ వరసలో కదులుతాడో చదవడం కాక ఆకాశంలో పోరాటమంటే మరేమిటి? స్టీలీకి చేతుల్లో అలవాటు ఉంది, ఆ అలవాటు కోరే వంద సంకేతాలు తెర మీద లేవు. ఒంటి మీద పడే ఒత్తిడి లేదు, పక్కకు తిరిగి చూసే వీలు లేదు. మైయర్ తెర మీద ఉన్నదాన్ని మాత్రమే చూశాడు. ఉన్న నాలుగు గీతల్లోనే సమస్య మొత్తం ఉందని నమ్మాడు. తెనాలిలో ఆ రేడియో ఆయన కూడా సరిగ్గా అదే చేశారు. ఆయన మోటారు సైకిలు నడిపేవారు కాదు, సైకిలే. ఆయనకు బండి తెలియనక్కర్లేదు. వచ్చే చెట్టు ఎడమకు జరుగుతోందా, కుడికి జరుగుతోందా, లేక జరగకుండా పెద్దదవుతోందా? జరగకుండా పెద్దదయ్యేదే మనల్ని చంపేది. ఈ ఒక్క ముక్క రోడ్డు మీదా నిజమే, సముద్రంలో ఓడలకూ నిజమే. ఎదురొచ్చేది మన చూపులో జరగకపోతే అది మనల్ని గుద్దబోతోందని నావికులు ఎప్పటి నుంచో చెప్పుకునే లెక్క ఇది. డెత్‌చేజ్‌లో నిజమైన భౌతిక సూత్రం ఇది ఒక్కటే. అది మాత్రం తప్పు లేకుండా ఉంది.

నా సందేహాలు

ఇంత రాశాక నాకే ఎదురు ప్రశ్నలు వస్తున్నాయి. దాటేసి వెళ్లలేను.

మొదటిది, అప్పుడే అదే యంత్రాల మీద నెమ్మదైన, నిజమైన సిమ్యులేషన్లూ వచ్చాయి. డిజిటల్ ఇంటిగ్రేషన్ సంస్థ 1983లో ‘ఫైటర్ పైలట్’ తెచ్చింది. ఆ సంస్థ పెట్టినవాళ్లు బ్రిటన్ ప్రభుత్వపు విమాన పరిశోధన సంస్థలో పనిచేసి వచ్చారు. అందులో అడ్డగాలి ఉంది, కుదుపులు ఉన్నాయి, రన్‌వే కనబడకుండా పరికరాలు చూసి దిగే పరీక్ష ఉంది. బొమ్మ మందకొడిగా మారుతుంది, కానీ విమానం విమానంలా ప్రవర్తిస్తుంది. నా మేనల్లుడు అప్పట్లో ఉండి ఉంటే ఖచ్చితంగా వాళ్ల వైపే ఉండేవాడు. నేను ఆ ఆటను తక్కువ చేయలేను. మొదటిసారి దాన్ని దింపగలిగిన రోజు నాకు ఇంకా గుర్తుంది, చక్రాలు నేలను తాకాక కూడా మీటల మీద నుంచి వేళ్లు తీయలేకపోయాను. కాబట్టి ‘వేగమే సర్వస్వం’ అని నేను అనడం లేదు. రెండు దారులూ ఒక చిన్న యంత్రంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయంతోనే మొదలయ్యాయి. ఒకరు బరువును ఉంచి వేగాన్ని వదిలారు, మరొకరు వేగాన్ని ఉంచి బరువును వదిలారు. చరిత్ర రాసేవాళ్లు మొదటివారిని పూర్వీకులని గౌరవిస్తూ రెండోవారిని బాల్యచేష్టలని దాటేయడమే నాకు బాధ.

రెండోది ఇంకా కష్టమైన ప్రశ్న. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ తొలి ఆటల్లో ఒకటైన ‘రెస్క్యూ ఆన్ ఫ్రాక్టలస్’ వేగమైనది కాదు. కొండల మధ్య ఎగురుతూ, కూలిపోయిన విమానాల పైలట్ల దగ్గర దిగాలి. యంత్రాలన్నీ ఆపి, అతను పరుగెత్తుకొచ్చి తలుపు తట్టేదాకా కూర్చోవాలి. కొన్నిసార్లు వచ్చేది పైలట్ కాదు. ఒక్కసారిగా అద్దం మీదికి ఒక రాక్షసి ముఖం ఎగురుతుంది. అంత భయం నాకు ఏ వేగమైన ఆటలోనూ కలగలేదు. కదలకుండా కూర్చోబెట్టి భయపెట్టిన ఆట అది. దీని ముందు నా సిద్ధాంతం కొంత తలవంచాలి. అయితే అక్కడ కూడా పనిచేసింది అదే కోత. వచ్చేవాడి ముఖం ముందుగా కనబడదు. దగ్గరికి వస్తున్న చిన్న ఆకారం, తర్వాత తట్టిన చప్పుడు. ఆ రెండింటి మధ్య నిర్ణయం మనది, తలుపు తీయాలా, ఇంజను వేసి లేచిపోవాలా?

మూడోది, ఇదంతా చిన్నప్పటి మీద మమకారమేనేమో. ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. డెత్‌చేజ్ విషయంలో నా సాక్ష్యం చెల్లదు, ఆ అడవిలో మా నాన్న ఉన్నారు, సీసం వాసన ఉంది. స్పెక్ట్రమ్ అభిమానుల పత్రిక ‘యువర్ సింక్లెయిర్’ 1992లో తన వంద ఉత్తమ ఆటల జాబితాలో దాన్ని మొదటి స్థానంలో పెట్టింది. అప్పటికి ఆ ఆటకు తొమ్మిదేళ్లు. వాళ్లదీ మమకారమే అనవచ్చు. కానీ ఎన్‌కౌంటర్ నేను చిన్నప్పుడు చూడనే లేదు. నలభై దాటాక ఎమ్యులేటర్‌లో మొదటిసారి ఆడాను. దానితో నాకు ఏ జ్ఞాపకమూ ముడిపడి లేదు. అయినా ఆ రాత్రి ఒంటిగంట దాకా లేవలేదు. చిన్నప్పుడు ప్రాణంగా చూసుకున్న వేరే ఆటలు కొన్ని ఇప్పుడు పది నిమిషాలు కూడా ఆడలేకపోతున్నాను. మమకారం ఒక్కటే కారణమైతే ఈ రెండూ తారుమారు కావాలి.

ఇంకొకటి ఉంది, దానికి నా దగ్గర జవాబు లేదు. బరువు తీసేసినప్పుడు బాధ్యత కూడా తీసేశారా? స్తంభం వెనక నుంచి వచ్చే పళ్లేనికి ముఖం లేదు. డెత్‌చేజ్ బండి మీదివాడు వెనక్కి తిరిగి చూడడు. వాళ్లెవరో, నేను వాళ్లను ఎందుకు తరుముతున్నానో ఆట చెప్పదు. పదమూడేళ్ల వయసులో నేను అడగలేదు. సైన్యం కోసం తన ఆటను మార్చాలన్నప్పుడు రాట్‌బర్గ్‌కు వచ్చిన వెనుకంజ, తాను తీసేసిన ఆ బరువు నిజంగా ఎక్కడికి పోతుందోనన్న భయం వల్లే అని నాకనిపిస్తుంది. నేను ఆ ఆటలను ప్రేమిస్తూనే ఆయన అభ్యంతరాన్నీ గౌరవిస్తాను. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు ఇంకా తెలియదు.

మళ్లీ మేనల్లుడు

ఇందులో సగం వాడికి మర్నాడు పొద్దున్న చెప్పాను. చరిత్ర మీద వాడికి పెద్ద ఆసక్తి కలగలేదు. స్తంభం సంగతి చెప్పినప్పుడు మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. “అంటే ఘనం గీస్తే ఎన్ని గుణకారాలవుతాయి?” అన్నాడు. లెక్కపెట్టి చూడమన్నాను.

టీపాయ్ మీదున్న కరెంటు బిల్లు తిరగేసి దాని వెనక వేశాడు. ఒక బిందువును పక్కకు తిప్పాలంటే సైను, కొసైను రెండు జతలు, నాలుగు గుణకారాలు. స్తంభానికి ఒక్క బిందువు చాలు, నడిమిది. ఘనానికి మూలలు ఎనిమిది, ముప్పై రెండు గుణకారాలు. మైదానంలో ఇరవై ఘనాలుంటే ఆరు వందల నలభై, ఒక్కో గుణకారానికి ఎనిమిది సార్లు జరపడం, కూడటం. దూరాన్ని బట్టి చిన్నవి చేసే భాగహారాలు ఇంకా కలపనే లేదు. పెన్ను ఆపి చాలాసేపు ఆ అంకె వైపు చూశాడు. నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి ఘనం బొమ్మ గీసి, పై నాలుగు మూలల మీద అడ్డంగా కొట్టేసి ఉన్నాడు.

“మామయ్యా, వీటిని తిప్పనక్కర్లేదు. కింది మూలల మీదే కదా ఇవి నిలబడింది. ఎత్తు ఒక్కటే తేడా. సగం పోయినట్టే” అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే మళ్లీ కాగితం మీదికి వంగి, కింది నాలుగింటిలో కూడా ఏదైనా కొట్టేయవచ్చా అని వెతకడం మొదలుపెట్టాడు.